739391 నాది

ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. నిన్న మా స్కూలు వాట్సాప్ గ్రూపులో అందరూ దండాలు పెడుతున్న పాత ఫొటోలో, షీల్డు పట్టుకుని నవ్వుతున్న మా అన్నయ్య వెనక కనిపించే చార్టు నాది, దాని మీది సంఖ్యా నాదే.

లెక్కల మాస్టారు పోయారని, ఆయన గుర్తుగా ఎవరో ఆ ఫొటో పెట్టారు. అన్నయ్యంటే పెదనాన్నగారి అబ్బాయి, నాకన్నా ఆరు నెలలు పెద్ద, నా క్లాసే.

ఆ రోజుల్లో చర్చిలో ప్రసంగం సాగినంతసేపూ నేను ఆడవాళ్ల వైపు చివర కూర్చుని, ఆనాటి పాటల నంబర్లు పెట్టే చెక్క బోర్డు చూస్తూ వాటిని మనసులో భాగించుకునేదాన్ని. ఒక ఆదివారం 73, 93, 91 పెట్టారు. 93 మూడో ఎక్కంలో పోతుంది, 91 ఏడో ఎక్కంలో పోతుంది, మూడూ పక్కపక్కన చేర్చి 739391 అనుకుంటే మాత్రం దేనికీ లొంగేలా లేదు. వేసవి సెలవుల్లో సగం దానికే పెట్టి, 859 దాకా ఉన్న నూట నలభై తొమ్మిది ప్రధాన సంఖ్యలతోనూ డైరీ వెనక పేజీల్లో భాగించాను. ప్రతిసారీ శేషం మిగిలింది. కుడి చివర నుంచి ఒక్కో అంకే చెరిపేస్తూ వస్తే 73939, 7393, 739, 73, 7, అన్నీ ప్రధాన సంఖ్యలే!

స్కూలు తెరిచాక చార్టు చూపిస్తే మాస్టారు చాలాసేపు చూశారు. "బాగుందమ్మా. కానీ నువ్వు నోరు విప్పవు కదా, ఎగ్జిబిషన్‌లో వాడు చెప్తాడులే. ఎవరు చెప్తే ఏంటి, ప్రైజు మన స్కూలుకేగా!" అని నా పేరు మీద తెల్లకాగితం అంటించి వాడి పేరు రాశారు. "నాకర్థమయ్యేలా రాసివ్వవే" అన్నాడు అన్నయ్య. రాసిచ్చాను కూడా.

రాజమండ్రి ఎగ్జిబిషన్‌కి నన్నూ తీసుకెళ్లారు. జడ్జిగారు "859 దగ్గరే ఎందుకు ఆపావు బాబూ?" అని అడిగారు. వాడు నా వైపు చూశాడు. 860ని 860తో గుణిస్తేనే ఈ సంఖ్య దాటిపోతుంది, అందుకని దీనికి రెండు కారణాంకాలుంటే ఒకటైనా 860 లోపే దొరకాలి. జవాబు తెలిసీ నేను చార్టు వైపు తిరిగిపోయాను. "పిల్లాడు కంగారుపడ్డాడండీ" అని మాస్టారే చెప్పేశారు. షీల్డు వచ్చింది.

ఇన్నేళ్లూ ఆ కోపం నా మీదే చూపించుకున్నాను. నిన్న ఆ ఫొటోని పెద్దది చేసి చూస్తే, అంటించిన కాగితం అంచు స్పష్టంగా కనిపించి ఒళ్లు మండిపోయింది. మాట్లాడలేకపోవడం నా పిరికితనమే, ఒప్పుకుంటాను. పేరు కప్పేసింది మాత్రం నేను కాదు.

ఇప్పుడు చర్చిలో చెక్క బోర్డు తీసేసి తెర పెట్టారు. నా సగం సెలవులు తిన్న లెక్క ఫోన్ రెప్పపాటులో చేసేస్తుంది. గ్రూపులో మాత్రం అదే పాత పేరు, "గ్రేట్ రా!" అంటూ కొత్త పొగడ్తలు.

పోయినేడు సామర్లకోట స్టేషన్లో మాస్టారు ఆగి ఉన్న రైల్లో కిటికీ పక్కన కూర్చుని కనిపించారు. ఇప్పుడైనా చెప్పేద్దామని "మాస్టారూ, ఆ చార్టు..." అన్నాను. రైలు కదిలింది. ఆయన చెయ్యి ఊపుతూ గట్టిగా అన్నారు.

"అన్నయ్యని అడిగానని చెప్పమ్మా! అలాంటి బుర్ర మీ ఇంట్లో వాడొక్కడికే వచ్చింది."