మూడుసార్లు ఆయన వెంట

ఒమన్ దేశంలోని సూర్‌లో మా సైట్ ఇంజనీరు అమెరికా నుంచి వచ్చిన యూదుడు. ఏడాదంతా నోటికొచ్చినట్టు అరిచేవాడు, సెప్టెంబరు వచ్చేసరికి మెత్తబడేవాడు. వాళ్ల కొత్త సంవత్సరానికీ, యోమ్ కిప్పూర్ అనే ఉపవాసం రోజుకీ మధ్య కొద్ది రోజులుంటాయట. ఆ లోపు తాను నొప్పించిన ప్రతి మనిషి దగ్గరికీ వెళ్లి క్షమాపణ అడగాలట. అందితే జుట్టు, అందకపోతే కాళ్లు పట్టుకునే రకానికి మళ్లీ ఒక పండుగ కూడానా అని స్టోర్ రూమ్‌లో కూర్చుని నవ్వుకునేవాణ్ణి. నేను అక్కడ స్టోర్‌కీపర్ని.

"దేవుడికి చేసిన తప్పును దేవుడు క్షమిస్తాడు. మనిషికి చేసినదాన్ని ఆ మనిషే క్షమించాలి, దేవుడు కూడా కలగజేసుకోడు" అని ఒకసారి నాకు చెప్పాడు. అదేం దేవుడండీ? మా గోదావరి వైపు ఎంత పాపం చేసినా పుష్కరాల్లో మూడు మునకలేస్తే సరి. మధ్యలో ఎదుటివాడి పెత్తనం ఏమిటి?

ఆ ఏడు ఆయనకు తర్జుమా చేయడానికి నేను కావలసి వచ్చాను. క్షమించాల్సిన మనిషి కరీంనగర్ వైపు తాపీమేస్త్రీ.

అంతకు రెండు నెలల ముందు ఒక డ్రిల్లింగ్ మెషిన్ కనబడలేదు. ఇంజనీరు నన్నడిగితే, "చివరిసారి మేస్త్రీ చేతిలో చూశాను" అన్నాను. మర్నాడు పొద్దున్నే అందరూ వరసగా నిలబడి ఉండగా ఆయన మేస్త్రీని దొంగ అన్నాడు, ఇసుక మోయడానికి పంపాడు. పదకొండేళ్లుగా అక్కడ పనిచేస్తున్న మనిషి. ఆ రోజు నుంచి అతను వస్తుంటే రూమ్‌లో వాళ్లు పెట్టెలకు తాళాలు వేసుకునేవారు. మూడు వారాలకు మెషిన్ మా కంపెనీదే నిజ్వా సైట్ నుంచి వ్యాన్‌లో తిరిగొచ్చింది. అక్కడికి పంపింది నేనే. దాన్ని చూడగానే గుర్తొచ్చింది. ఉద్యోగం పోతుందన్న భయంతో నోరు విప్పలేదు.

ఎవరో పొరపాటున పంపారనుకుని ఇంజనీరు మేస్త్రీ పని మేస్త్రీకి ఇచ్చాడు. సైట్‌లో మాత్రం, వీడే భయపడి ఎవరిచేతో తెప్పించాడని చెప్పుకున్నారు. ఆ మాట తప్పని చెప్పగలిగినవాణ్ణి నేనొక్కణ్ణే.

మొదటిసారి వెళితే మేస్త్రీ గోడ వైపు నుంచి తల తిప్పలేదు. "పని నడుస్తుంది సారూ" అన్నాడు నాతో.

రెండోసారి, "అందరి ముంగట దొంగన్నడు. అందరి ముంగటనే కాదని చెప్పుమను" అన్నాడు.

మర్నాడు ఇంజనీరు హెల్మెట్ తీసి చేత్తో పట్టుకుని, మేస్త్రీ దొంగ కాదని, తప్పు తనదేనని అందరికీ చెప్పాడు. నేను హిందీలో ఒకసారి, తెలుగులో ఒకసారి అరిచాను. వెనక వరసలో నవ్వారు. అంత చదివినవాడు తాపీ పట్టుకున్నవాడి ముందు తల వంచడం చూస్తే నాకు రోత పుట్టింది. ఇప్పుడు ఆ రోత ఎవరి మీద పుట్టాల్సిందో తెలుసు.

ఆ సాయంత్రం డ్యూటీ అయ్యాక మూడోసారి బయల్దేరాం. మూడుసార్లు అడిగినా కాదంటే ఇక అడిగినవాడి తప్పు ఉండదట. ఈసారీ కాదంటే పీడా పోతుందనుకున్నాను. మేస్త్రీ కుళాయి దగ్గర చేతులు కడుక్కుంటున్నాడు.

"ఆయన మీద నాకేం లేదు సారూ. ఆయన కండ్లతోని చూసిండా? ఎవడో చెప్తె అన్నడు. ఆ చెప్పినోణ్ణి తోల్కరమ్మను" అన్నాడు, నా వైపే చూస్తూ. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు నేను జేబులో స్టోర్ తాళాలు తడుముకున్నాను.

"ఏమంటున్నాడు?" అని ఇంజనీరు అడిగాడు.

"క్షమించానంటున్నాడు" అన్నాను.

ఆయన మేస్త్రీ తడి చేతులు రెండూ పట్టుకున్నాడు. కళ్లు తుడుచుకుంటూ బండి వైపు వెళ్లాడు. మేస్త్రీకి ఆ మాత్రం ఇంగ్లీషు తెలుసని నాకు అప్పుడు తట్టింది.

"మాఫ్ చేసిననని చెప్పినవా? మంచిదే. ఆయన మూడుమాట్లు వచ్చిండు. నువ్వు గూడ మూడుమాట్లు వస్తివి గద సారూ, ఆయన ఎంబడి. నీ ముచ్చట ఒక్కపారన్న చెప్పకపోతివి."

అంతే అన్నాడు. తువ్వాలు భుజాన వేసుకుని క్యాంపు బస్సెక్కాడు.

ఆరు నెలలకు మేస్త్రీ పని మానేసి ఊరికి వెళ్లిపోయాడు. సాగనంపడానికి ఇంజనీరు కూడా వచ్చాడు. ఎయిర్‌పోర్ట్ వ్యాన్‌లోకి పెట్టె ఎక్కిస్తుంటే ఎవడో తెలుగులో అరిచాడు. "జర పెట్టె ఇప్పి చూడుండ్రి, మెషిన్ ఉంటది!"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఇంజనీరు అర్థంకాక నా వైపు తిరిగాడు.

"క్షేమంగా వెళ్లి రమ్మంటున్నారు" అని చెప్పాను.