హఫీజ్‌పేట్ మట్టిదారిలో అక్క

మొన్న హఫీజ్‌పేట్ నుంచి కొండాపూర్‌కు క్యాబ్‌లో వెళుతుంటే స్పీడ్ బ్రేకర్ మీద బండి కాస్త ఎగిరిపడింది. డ్రైవరు అద్దంలో నా వంక చూసి, "సారీ సార్, చూస్కోలే" అన్నాడు. ఆ కాస్త కుదుపుకే క్షమాపణా అని నవ్వొచ్చింది. ఆ నవ్వు సగంలోనే ఆగిపోయింది. అప్పుడు మేం దాటుతున్నది ఒకప్పటి మా మట్టిదారి.

మాదాపూర్‌లో మొదటి అద్దాల మేడలు లేస్తున్న రోజులవి. బావగారికి సికింద్రాబాద్‌లో గవర్నమెంటు ఉద్యోగం. కోస్తా నుంచి కొత్తగా వచ్చిన నన్ను అక్క హఫీజ్‌పేట్‌లోని తన అద్దె ఇంట్లోనే పెట్టుకుంది. తను కొండాపూర్‌లో ఒక చిన్న బడిలో లెక్కలు చెప్పేది. పొద్దున్నే ఇద్దరం ఒకే సెవెన్ సీటర్ ఆటో ఎక్కేవాళ్ళం. పేరుకే ఏడు సీట్లు. ఎక్కేవాళ్ళు అంతకు రెట్టింపు. ఎండాకాలం దిగేసరికి కనుబొమ్మల దాకా ఎర్రదుమ్ము పట్టేది. వానాకాలం సగం దారి ఆటో మమ్మల్ని మోసేది, మిగతా సగం మేం దాన్ని తోసేవాళ్ళం. బురదలో చెప్పు ఇరుక్కుపోతే, దాన్ని లాగబోయి రెండోది కూడా పోగొట్టుకున్న పెద్దమనుషులున్నారు. అక్క సంచిలో ఎప్పుడూ ఇంకో చీర ఉండేది. "పిల్లలకి లెక్కలు చెప్పాలిరా, వ్యవసాయం కాదు" అనేది, కుచ్చిళ్ళకు అంటిన మట్టి చూసుకుంటూ. ఆటో డ్రైవరు అక్కడి ఊరివాడే. అక్కను "చెల్లె" అని పిలిచేవాడు. గుంత వచ్చే ముందు వెనక్కి తిరిగి కేకేసి మరీ చెప్పేవాడు.

పెళ్ళయిన చాలా ఏళ్ళకు అక్కకు కడుపు నిలిచింది. డాక్టరు కుదుపులు పనికిరావనడంతో బడి మానేసింది. ఊలు తెప్పించుకుని చిన్న టోపీలు అల్లేది. మొదటిది బావగారి గుప్పిటకు తప్ప దేనికీ సరిపోకపోతే ఇల్లంతా నవ్వుకున్నాం.

ఏడో నెలలో, ముసురు పట్టిన ఒక ఆదివారం మధ్యాహ్నం, నొప్పులు మొదలయ్యాయి. బావగారు క్యాంపులో ఉన్నారు. నేను వానలో పరుగెత్తి ఆ ఆటోనే తీసుకొచ్చాను. పైపుల కోసమని దారి పొడుగునా తవ్వి వదిలేశారు. గుంత ఏదో, దారి ఏదో తెలియకుండా నీళ్ళు నిలిచాయి.

"చెల్లె, జర గట్టిగ పట్టుకో. ఫికర్ జెయ్యకు, ఇగ వచ్చినం" అంటూనే ఉన్నాడు డ్రైవరు. ఆ మాట పూర్తికాకముందే ముందు చక్రం కాలువలోకి దిగబడిపోయింది. ఇద్దరం ఎంత తోసినా కదలలేదు. పక్కన కడుతున్న మేడ మీంచి కూలీలు చూసి దిగివచ్చారు. అక్క దిగే స్థితిలో లేకపోవడంతో, తనతో సహా ఆటోను పైకెత్తేశారు. అంత నొప్పిలోనూ అక్క నన్ను చూసి, "పెళ్ళిలో పల్లకీ ఎక్కించలేదని నాన్నతో పేచీ పెట్టుకున్నానురా. ఇదిగో, ఎక్కాను" అంది.

ఆసుపత్రి చేరాం. ఆడపిల్ల పుట్టింది. ఏడవలేదు.

"ఇంకాస్త ముందు తీసుకొచ్చి ఉంటే..." అన్నారు డాక్టరమ్మ. డ్రైవరు గేటు దగ్గరే తడుస్తూ నిలబడి ఉన్నాడు. చెప్పాను. తలకు చుట్టుకున్న తువ్వాలు తీసి మొహానికి అడ్డం పెట్టుకున్నాడు.

అక్కను ఇంటికి తీసుకురావడానికి మళ్ళీ అతనే వచ్చాడు. దారిలో ఇంకెవరినీ ఎక్కించుకోలేదు. వాన వెలిసింది. ప్రతి గుంత దగ్గరా ఆపి, దిగి చూసి, పక్కనుంచి నడిపించాడు. బావగారు అక్క చెయ్యి పట్టుకుని కూర్చున్నారు. చాలాసేపు బయటికే చూస్తూ ఉన్న అక్క నెమ్మదిగా అంది:

"ఇప్పుడు మెల్లగా ఎందుకులే అన్నా. మామూలుగానే పోనీ."

అతను వేగం పెంచలేదు.

అక్క మళ్ళీ బడికి వెళ్ళింది. మళ్ళీ కడుపు పండలేదు. ఇంట్లో ఎవరం ఆ మాట ఎత్తేవాళ్ళం కాదు. టోపీలు ఏమయ్యాయో నేను అడగలేదు. మరుసటి ఎండాకాలం దారికి తారు పడింది. కాలనీవాళ్ళు కొబ్బరికాయలు కొట్టి మిఠాయి పంచారు. కొత్త రోడ్డు మీద మొదటిసారి అక్కా నేనూ ఆటోలో వెళ్ళాం. ఎక్కి, చిల్లర తీసి చేతిలో పట్టుకునేలోపే పక్కన ఆసుపత్రి గేటు కనిపించింది. అక్క ఉలిక్కిపడి వెనక్కి తిరిగి, మేం వచ్చిన దారి చూసింది. మళ్ళీ గేటు చూసింది.

"ఇంతేనట్రా దూరం?" అంది.

ఇప్పుడు అక్క లేదు. ఆ దారి మీద ఇవాళ ఎవరైనా కళ్ళు మూసి తెరిచేలోపు వెళ్ళిపోవచ్చు. ఇన్నేళ్ళు గడిచాయి కానీ, ఆ ఒక్క మధ్యాహ్నం మాత్రం నాకు ఇంకా గడవలేదు.