తగ్గించని ఇన్సులిన్

లాక్‌డౌన్‌లో సాంచాలు ఆగాయి, నా షుగరు పెరిగింది. ఇందులో వింతేమీ లేదు. అంతవరకు నేను తిన్న అన్నం పాండేసర కార్ఖానాలోనే కరిగేది. సాంచాలంటే మరమగ్గాలే; వాటి మధ్య తెగిన పోగులు అతుకుతూ అటూ ఇటూ తిరగడమే నా పని. వడోద్‌లో మేముండే ఒక్క గదిలో కూర్చుంటే ఏం కరుగుతుంది? డాక్టరు ఫోనులోనే అన్నీ కనుక్కుని, తిండికి ముందు వేసుకునే ఇన్సులిన్ పెంచాడు. నేను చదువు ముసలితనంలో నేర్చినవాణ్ణి. మందు పెట్టె మీదున్నది కూడబలుక్కుని చదివి మరీ వేసుకునేవాణ్ణి. చెప్పింది చెప్పినట్టు చేశాను.

కార్ఖానా తెరిచిన రోజు మా ఆవిడ అన్నం వడ్డిస్తూ, "ఇన్నొద్దులు కూసొని కూసొని చేతులు మొద్దువారినయేమో, జర పైలం," అంది.

"నిద్రల లేపినా పోగు అతుకుతనే నేను," అన్నాను.

ఎప్పటిలాగే సూది వేసుకుని, తిని, పనికి పోయాను. కాసేపు బాగానే ఉంది. తర్వాత చేతులు వణికాయి. పోగు చిక్కలేదు. అంగీ తడిసిపోయింది. షుగరు పడిపోతోందని తట్టలేదు నాకు. పని మరిచిపోయానేమో అనుకున్నాను, సిగ్గేసింది.

పక్క సాంచాలు చూసుకునే మా ఊరాయన, "ఏంది మామా, గిట్ల చెమటలు వడుతున్నయ్?" అన్నాడు.

"ఉక్కపోత. నీ పని జూస్కో," అని కసిరాను. ఆ తర్వాత కూలబడ్డాను.

కరోనా అనుకుని అందరూ దూరం జరిగారు. మా ఊరాయన ఒక్కడే దగ్గరికి వచ్చాడు. వాళ్లమ్మకూ షుగరే. నాకు తెలివి పూర్తిగా పోలేదు కనుక చాయ్‌లో చక్కెర బాగా కలిపి కొద్దికొద్దిగా తాగించాడు.

"కాకా, ఘర్ జావో," అని ఇంటికి పొమ్మన్నాడు కార్ఖానా సేఠ్.

"రేపటికి మంచిగైత సేఠ్, షుగర్ తగ్గింది, గంతే," అని హిందీలో బతిమాలాను. రేపు సాంచాలో చెయ్యి పడితే ఎవరు జవాబు చెప్పాలి అన్నాడు. లెక్క కట్టి డబ్బులు చేతిలో పెట్టి పంపేశాడు.

ఇంటికొచ్చి డాక్టరుకు ఫోను చేశాను. "పని మొదలైందా? అయితే ఇన్సులిన్ తగ్గించాల్సిందే," అన్నాడు నిమ్మళంగా. ఒక్క ఫోనుతో తేలిపోయే సంగతి. ఆయన అడగలేదు, నేను చెప్పలేదు. చెప్పాలని తెలిస్తే కదా. ఆ ఫోను ముందురోజే చేసి ఉంటే నా సాంచాలు నాకే ఉండేవి. వాటి మధ్య ఇప్పుడు వేరొకతను తిరుగుతున్నాడు.

పనే పోయింది కనుక ఇన్సులిన్ తగ్గించే అవసరం పడలేదు. ఇప్పుడు తిన్న తర్వాత చూసుకున్నా షుగరు సరిగ్గానే ఉంటోంది. తిన్నాక కాసేపు నడవమన్నాడు డాక్టరు.

"గల్లీలనే తిరుగుర్రి, పాండేసర దిక్కు పోకుర్రి," అంటుంది మా ఆవిడ.

"పోతే ఏమైతదే?"

"ఆ సాంచాల సప్పుడు ఇనొచ్చిన పూట మీరు అన్నం ముట్టరు. సూదేమో ఎప్పటి లెక్కనే ఏసుకుంటరు. మళ్ల వడిపోతె ఎవలు లేపాలె?"

అది నిజమే. గల్లీలోనే తిరుగుతున్నాను.