ఊఁ అనిపించుకుని వెళ్లిన టీచరమ్మ

బుధవారం. పొద్దున్నే వాన మొదలైంది. కిటికీ బయట కర్రల మీద ఆరేసిన బట్టలు లోపలికి తెచ్చేసరికి ఫోన్ మోగింది. మా పక్క ఫ్లాట్ టీచరమ్మ విశాఖలో పోయారు. చెప్పింది ఆవిడ దగ్గర నేర్చుకున్న అమ్మాయి.

సైన్సులో పీహెచ్‌డీ చేసే పిల్లలకు, తమ పరిశోధన నలుగురికీ అర్థమయ్యేలా చెప్పడం నేర్పేవారు ఆవిడ. ఆదివారాలు, ఈ పరాయి దేశంలో చదువుకునే తెలుగు పిల్లలు మా పేట పాసిర్ రిస్‌లో ఆవిడ ఇంటికే వచ్చేవారు. వినడానికి నన్ను పిలిచేవారు. నేను జురాంగ్ ఐలాండ్‌లో, ఆయిల్ ఫ్యాక్టరీల దగ్గర పైపుల పనివాణ్ణి, చదువు సొంతంగా నేర్చుకున్నదే. నా కుర్చీ మీద ముందే టిష్యూ ప్యాకెట్ ఉండేది; ఇక్కడ సీటు ఆపుకోవడానికి అలా పెడతారు, దాన్నే చోప్ అంటారు.

"అది చోప్. అన్నయ్యగారి సీటు," అనేవారు ఆవిడ పిల్లలతో.

నా పని ఊఁ కొట్టడం. "అర్థం కాకపోతే మర్యాదకి ఊఁ అనకండి," అని మొదటి రోజే మాట తీసుకున్నారు. అర్థం కాలేదని చెప్పడానికి సిగ్గుపడటం నేను ఆ కుర్చీలోనే మానేశాను.

ఓసారి, ఫోన్ చేసిన ఈ అమ్మాయే ప్రొటీన్ల గురించి చెబుతుంటే నా ఊఁ ఆగింది.

"చూశావా? అంకుల్ ఆగిన చోటే నీ థీసిస్ మునిగింది."

"అది ఈజీ పార్ట్ లా, ఆంటీ," అంది ఇక్కడి యాసలో.

"నీకు ఈజీ. అసలు మాట ముందు చెప్పు. దాచావంటే వినేవాళ్లు నిన్ను మళ్లీ నమ్మరు."

ఊరికి వెళ్లేముందు ఆవిడ నా గుమ్మం దగ్గరికి వచ్చారు. చెల్లెలింట్లో పెళ్లి పనులు, త్వరగా వచ్చేస్తాను, కరివేపాకు కుండీకి నీళ్లు పోయండి అన్నారు. ఊఁ అన్నాను. అంతా అర్థమై అన్న ఊఁ. ఆ అబద్ధానికి నాచేత ఊఁ అనిపించుకున్నారు.

ఇవాళ సాయంత్రం ఆ అమ్మాయి వచ్చింది.

"జబ్బు సంగతి మాకు తెలుసు అంకుల్."

"అందరికీనా?"

"అందరికీ. మీకెలా చెప్పాలో మా ముందు ప్రాక్టీస్ చేశారు. మొదటి వాక్యం దాటలేకపోయారు."

"నా కుర్చీలో ఎవరు కూర్చున్నారు?"

"నేనే. నాకూ ఊఁ రాలేదు."

నాకు చెప్పాల్సిన మాట నా కుర్చీకి చెప్పుకున్నారు. గోడకి ఇవతలే ఉన్నాను నేను. ఆ కష్టం అర్థమవుతుంది. కోపం మాత్రం పోలేదు.

ఆదివారం తన టాక్ వింటారా అని అడిగి, ఆ అమ్మాయి టిష్యూ ప్యాకెట్ నా చేతిలో పెట్టింది.

ప్యాకెట్ కుండీ పక్కన పెట్టాను. కుండీ కారిడార్ లోపలే ఉంది, దానికి వాన తగలదు. ఇవాళ నీళ్లు పోయలేదని గుర్తొచ్చి, చెంబు తెచ్చి పోశాను.