ఎడమకు గుంజే లారీ

మొన్న నాగర్‌కర్నూల్‌లో ఒక పెళ్లి చూసుకొని అల్లుడి కారులో తిరిగి వస్తుంటే, తిమ్మాజిపేట దాటాక మా ముందు పత్తి బోరాలు, అంటే పెద్ద గోనె సంచులు, వేసుకున్న లారీ ఒకటి మాటిమాటికి ఎడమ అంచుకు జరిగిపోతూ, మళ్లీ రోడ్డు మధ్యకు వస్తూ కనిపించింది. డ్రైవరు పొద్దున్నే పట్టించినట్టున్నాడని అల్లుడు నవ్వాడు. అతని తప్పేమీ లేదు, చూసినవాళ్లు ఎవరైనా అదే అంటారు. కానీ ఆ మాట చెవిన పడగానే నా నోరంతా చేదైపోయింది, ఇంటికి వచ్చాక అన్నం సయించలేదు. అలా ఎందుకైందో మన ఈడు వాళ్లకైతే చెప్పుకోగలను గానీ, ఇంట్లో వాళ్లకు ఇన్నేళ్లలో చెప్పలేకపోయాను.

రెండు వేల సంవత్సరం దాటిన తొలి రోజులవి. గద్వాలలో మాది మగ్గాల ఇల్లు. మగ్గం గుంతలో కాళ్లు పెట్టుకొని కూర్చునే ఓపిక నాకు లేక, అక్క మొగుడి వెంట పడి లారీ నడపడం నేర్చుకున్నాను. బావ అప్పటికే అయిజ, గద్వాల, వనపర్తి మధ్య ఒక సేటు లారీ నడిపేవాడు. బావ తాగడని నేను చెప్పను. దసరాకు తాగేవాడు, పీర్ల పండుగకు తాగేవాడు, కానీ స్టీరింగ్ పట్టే రోజున కల్లు కూడా ముట్టేవాడు కాదు. ఆ సంగతి నాకంటే బాగా తెలిసినవాడు లేడు, ఎందుకంటే పక్కన కూర్చొని పని నేర్చుకున్నవాణ్ణి నేనే.

ఆ లారీకి ఒక రోగం ఉండేది, చేయి కాస్త వదులు చేస్తే చాలు ఎడమకు గుంజేది. దానికి సేటు చేయించిన వైద్యం వింటే నవ్వాలో ఉమ్మాలో తెలియదు. మొదట నిమ్మకాయలు, మిరపకాయలు, నల్ల తాడు కట్టించాడు, తరువాత దసరాకు ముందు చక్రం దగ్గర యాటను కోయించాడు, దానికీ లొంగకపోతే అయిజ మార్కెట్ హమాలీలతో బోరాలన్నీ కుడి పక్క బరువుగా వేయించడం మొదలుపెట్టాడు. అలా వేస్తే లారీ కుడికి ఒరిగి, ఎడమ గుంజుడు అణిగి, తిన్నగా దారి వెంట పోయేది. కొన్నాళ్లకు అది హమాలీలకు ఆచారమైపోయింది, ఆ లారీ వచ్చిందంటే చాలు ఎవరూ చెప్పకుండానే కుడి పక్కకు ఎత్తేవారు. సేటు తెలివిని లారీల అడ్డా మీద అందరూ మెచ్చుకున్నారు. నేను కూడా మెచ్చుకున్నాను, ఇప్పుడు తలుచుకుంటే ఒళ్లు కంపరమెత్తుతుంది.

ఒకసారి ఆ లారీ వడ్ల కోసం ధరూర్ వైపు పోయింది. అక్కడి హమాలీలకు దీని సంగతి తెలియదు. కుడికి ఎక్కువ వేయండయ్యా అని బావ బతిమాలితే, లారీని పడేసుకుంటావా ఏంది అని నవ్వి, బస్తాలు రెండు పక్కలా సమానంగా, చూడముచ్చటగా పేర్చారట. తిరుగు దారిలో మిట్టమధ్యాహ్నం ఎదురొచ్చిన బస్సుకు తోవ ఇవ్వడానికి బావ కొంచెం ఎడమకు తీశాడు, తీసిన లారీ ఇక మళ్లీ చేతికి రాలేదు. గుంజుకుంటూ పోయి కాలువలో ఒరిగింది. బావకు కుడి కాలు విరిగింది.

సాయంత్రానికల్లా సేటు అడ్డా మీద కూర్చొని, తాగి పడేశాడని చెప్పాడు. అడ్డా అంటే మన వాళ్లకు తెలిసిందే, లారీలు ఆగే చోటు, యజమానులు డ్రైవర్లను మాట్లాడుకునే చోటు. అక్కడ ఒకసారి తాగుబోతన్న పేరు పడితే ఎవరూ బండి ఇవ్వరు. బావకు వేరే పని రాదు, ఇద్దరు ఆడపిల్లలు. ఆ రాత్రి నేను దవాఖానకు పోయి చేసిన నీచపు పని కూడా చెప్పాలి. నొప్పికి మూలుగుతున్న మనిషి మూతి దగ్గర ముక్కు పెట్టి వాసన చూశాను. మందుల వాసన తప్ప ఏమీ లేదు. అయినా సేటు మాటే నమ్మాను, ఎందుకంటే లారీ బాగైనాక స్టీరింగ్ నాకిస్తానని అతను అప్పటికే కబురు పెట్టాడు.

లారీ బాగై వచ్చింది. నేనెక్కిన మొదటి రోజే ఎడమకు గుంజింది. బావ కాలు కళ్ల ముందు మెదిలి, సేటుకు చెప్పకుండా నేనే వెతకడం మొదలుపెట్టాను. గాలి చూశాను, రెండు పక్కలా సమానమే. ముందు టైర్లను ఇటుది అటు, అటుది ఇటు మార్చాను, టైరు రోగమైతే గుంజుడు కుడికి మారాలి, మారలేదు. రోడ్డు ఎడమకు వాలి ఉండటం వల్లనేమో అని, ఎవరూ లేని చోట కుడి పక్కన నడిపి చూశాను, అక్కడా ఎడమకే. బ్రేకు పట్టేసిందేమో అని కాస్త దూరం నడిపి దిగి చక్రాల మీద చేయి పెడితే, రెండూ ఒకే వేడి. జాకీ మీద లేపి చక్రం ఊపితే ఎక్కడా వదులు లేదు.

అప్పుడు మగ్గం గుర్తుకొచ్చింది. గుడ్డ ఒక పక్కకు లాగుతుంటే నాన్న పోగులను తిట్టేవాడు కాదు, గుడ్డ చుట్టుకునే కర్ర వంకర పడిందేమోనని రెండు కొసల దగ్గరా దారంతో కొలిచేవాడు. ఇంటి నుంచి గట్టి నూలు దారం తెచ్చి, ముందు చక్రం నడుమ నుంచి వెనుక చక్రం నడుమకు కుడి పక్క కొలిచాను, అదే దారాన్ని ఎడమ పక్క పట్టాను. మూడు వేళ్లు తక్కువ వచ్చింది. అంటే ముందు ఇరుసు ఎడమ కొస వెనక్కి జరిగిపోయింది. కిందికి దూరి మట్టీ గ్రీజూ గీకితే, లారీ బరువు మోసే స్ప్రింగు పట్టీలను, అంటే కమాన్‌ను, ఇరుసుకు కుదురుగా పట్టి ఉంచే నడిమి బోల్టు రెండు ముక్కలై ఉంది, తెగిన చోట తుప్పు పేరుకొని ఉంది. దాని పక్కనే ఎవరో వేసిన వెల్డింగు, పైన నల్ల రంగు. ఆ అతుకు కూడా ఎప్పుడో పగిలింది.

వెల్డింగు చేసినవాణ్ణి వెతికి అడిగితే దాచలేదు. బోల్టు తెగిందని బావ పడటానికి ఏడాది ముందే తాను సేటుకు చెప్పాడట. కమాన్ దింపాలంటే నాలుగు రోజులు లారీ నిలబడాలి, పత్తి సీజన్లో అంత ఆగేదెట్లా అని, పైపైన అతికించమన్నది సేటేనట. అంటే నిమ్మకాయలు, యాట, కుడి పక్క బరువు, అన్నీ తెలిసి ఆడిన నాటకాలే. బోల్టు ముక్కలు చూపిస్తే సేటు కనీసం తల దించుకోలేదు.

"సీజన్ల లారీని ఎవరన్న ఆపుకుంటరా? బోల్టు మార్పిస్త తీ. నువ్వు అడ్డ మీద నోరు తెరవకు, బండి నువ్వే నడుపుకో."

ఆ ముక్కలు పట్టుకొని అక్క ఇంటికి పోయాను. బావ మంచం మీద నుంచి వాటిని చూశాడే గానీ చేతికి తీసుకోలేదు.

"నాకు తెల్వదారా అది ఎడమకు గుంజుతదని? నాకెందుకు చూపిస్తవ్, పోయి అడ్డ మీద చూపియ్యి."

మరునాడు ముక్కలు జేబులో వేసుకొని అడ్డాకు పోయాను. డ్రైవర్లంతా ఉన్నారు, సేటు కూడా ఉన్నాడు. టీ తాగాను, లారీ ఎక్కి వెళ్లిపోయాను. బోల్టు మార్చిన తరువాత ఆ లారీ ఎంత బుద్ధిగా నడిచేదో చెప్పలేను, నాలుగేళ్లు నడిపాను, నడిపినన్నాళ్లూ నా మీద నాకు రోత పుట్టేది. బావ కుంటుకుంటూ ఒక పత్తి మిల్లు గేటు దగ్గర కాపలా పనికి కుదిరాడు. ఒక్కనాడైనా నన్ను నిలదీయలేదు, పండుగకు పిలిచి పక్కన కూర్చోబెట్టుకొని తినిపించేవాడు. తిట్టి ఉంటే బాగుండేది.

ఇప్పుడు వనపర్తికి పోయినా గద్వాలకు పోయినా, లారీని యంత్రం ముందు నిలబెడితే ఏ చక్రం ఎంత వంకరో కాగితం మీద అచ్చువేసి ఇస్తున్నారు. మా రోజుల్లో ఆ కాగితం ఉంటే బావ బతుకు అలా అయ్యేది కాదని చాలా కాలం నన్ను నేను ఓదార్చుకున్నాను. అది కూడా దొంగమాటే, రుజువు ఆనాడు నా జేబులోనే ఉండింది కదా. అడ్డా పోయి అక్కడ ఫోన్ల దుకాణాలు వచ్చాయి, సేటు లారీలు అమ్ముకొని ఎటో పోయాడు, ఆనాటి డ్రైవర్లలో సగం మంది లేరు. బావ పోయి మూడేళ్లు దాటింది. దినాల నాడు ముసలి డ్రైవరొకడు వచ్చి నా పక్కన కూర్చొని, విస్తరి ముందు వేసుకుంటూ నిట్టూర్చాడు.

"మంచి డ్రైవర్ ఉండె మీ బావ. తాగుడే ఖరాబ్ చేసె."

నేను అవునన్నట్టు తల ఊపాను.