వేడి చేసిందన్నాను

ఆ రోజు మునిరత్నం భార్య ఫోన్ చేసినప్పుడు మాత్రలు ఆపమని చెప్పవలసినవాణ్ణి, మజ్జిగ తాగించమని చెప్పాను. అసలు తప్పు అంతకు మూడు రోజుల ముందే చేశాను.

అప్పటికి నా రిటైర్మెంటుకు మూడేళ్లుంది. మలేరియా ఎందుకు తిరగబెడుతోందో తెలుసుకునే ఒక అధ్యయనానికి వైద్యాధికారిగా ఆగస్టులో నన్ను ఏర్పేడుకు వేశారు. అక్కడ కొత్త భవనాలు లేస్తున్నాయి. స్లాబులు తడిపే నీళ్ల తొట్లలో దోమలు పెరిగేవి. షెడ్లలో ఉండే కూలీలకు ఒకసారి తగ్గిన జ్వరం కొన్ని నెలలకు మళ్లీ వచ్చేది.

వైవాక్స్ రకం మలేరియా క్రిమి కాలేయంలో నిద్రపోతుంది. రక్తంలో ఉన్నదాన్ని క్లోరోక్విన్ చంపుతుంది. నిద్రపోయినదానికి ప్రైమాక్విన్ పద్నాలుగు రోజులు వేసుకోవాలి. జ్వరం తగ్గాక అన్నాళ్లు మింగేవాళ్లు తక్కువ. అందుకని తిరగబెట్టింది మందు పనిచేయకనా, మింగకనా, కొత్త దోమ కుట్టడం వల్లనా అన్నది తేలేది కాదు. ప్రతి మాత్రా మా కళ్లెదుట మింగించి, తర్వాత గమనించడం మా పని. మధ్యలో ఆపినవాళ్లు అధ్యయనానికి పనికిరారు.

కొందరికి పుట్టుకతోనే ఎర్ర రక్తకణాలను కాపాడే ఒక ఎంజైము తక్కువగా ఉంటుంది. వాళ్లకు ప్రైమాక్విన్ ఇస్తే ఆ కణాలు పగిలిపోతాయి. అందుకే ముందు వేలి నుంచి చుక్క రక్తం తీసి పరీక్షించాలని నియమం. మునిరత్నం జ్వరంతో వచ్చిన వారం ఆ పరీక్ష కిట్లు రాలేదు. స్లాబులకు ఇనుప కమ్మీలు కట్టే అతను చెప్పిన వేళకు వచ్చే మనిషి. వదులుకోబుద్ధి కాలేదు. పరీక్ష తర్వాత చేద్దాంలెమ్మని మాత్రలు మొదలుపెట్టించాను.

నాలుగో రోజు రాజమ్మ ఫోన్ చేసింది. మునిరత్నం భార్య ఆమె, అతనికి అక్క కూతురు కూడా. పెళ్లయినా మామా అనే పిలిచేది.

"మామకు ఒంటికి పోతే కాఫీ డికాషన్ మాదిరి వస్తాండాది సార్. మాత్రలు నిలిపేద్దునా?"

రక్తకణాలు పగులుతున్నాయనడానికి మూత్రం అలా నల్లబడటమే గుర్తు. వైద్య విద్యార్థులకు పాఠాల్లో నేనే ఎన్నోసార్లు చెప్పినదే. కానీ నేనూ చిత్తూరు పక్క పల్లెలో పుట్టినవాణ్ణి. ఒంట్లో ఏ తేడా వచ్చినా మాకు ముందు తోచేది వేడే. పైగా కోర్సు ఆగకూడదన్న ఆశ.

"ఎండలో కమ్మీలు కట్టేవాడికి వేడి సేయక సలవ సేస్తాదా అమ్మా? మజ్జిగ తాగించు. మాత్ర మాత్రం మానొద్దు," అని నవ్వాను. నేను నవ్వానని ఆమె కూడా నవ్వింది.

మర్నాడు అతను పనిలోనే కూలబడ్డాడు. కళ్లు పచ్చబడ్డాయి. తిరుపతిలో ఆసుపత్రిలో చేర్చి రక్తం ఎక్కించారు. వార్డులో రాజమ్మ నా మొహం చూడలేదు.

"మజ్జిగ తాగించినా సార్. మాత్ర వద్దురా సామీ అంటా ఉంటే, సార్ చెప్పినాడు మింగు మామా అని నేనే మింగించినా," అంది.

అతను బతికాడు. పరీక్ష లేకుండా మందు ఇప్పించింది నేనేనని, ఫోన్లో అన్న మాటతో సహా, రోగుల క్షేమం చూసే సంఘానికి రాసిచ్చాను. అధ్యయనం నుంచి నన్ను తప్పించారు. తప్పించవలసిందే.

అతనిలో తేలిన ఆ ఎంజైము లోపం తండ్రి నుంచి కొడుక్కు రాదు, తల్లి నుంచి వస్తుంది. మేనరికం గనుక రాజమ్మ వైపునా ఉండవచ్చు. వాళ్ల పిల్లవాడికీ, చిత్తూరులో ఉన్న ఆమె తమ్ముళ్లకూ నేనే పరీక్ష చేయించాను. పిల్లవాడికి ఉంది.

డిసెంబరులో మునిరత్నానికి జ్వరం తిరగబెట్టింది. తిరగబెట్టడానికి రోగుల నిర్లక్ష్యమే కారణమని అంతకు ముందు సభల్లో చెప్పేవాణ్ణి. ఇతని కోర్సు ఆగిపోయింది నా వల్ల. ఆ లోపం ఉన్నవాళ్లకు అదే ప్రైమాక్విన్ వారానికొక మోతాదు చొప్పున, రక్తం పరీక్షిస్తూ, ఎనిమిది వారాలు ఇవ్వవచ్చు. తిరుపతి డాక్టర్లు సరేనన్నారు. రాజమ్మ ఒప్పుకోలేదు.

"ఈసారీ డికాషన్ మాదిరి వస్తే ఏమంటారు సార్, మజ్జిగేనా?"

ఆపేస్తానని, ఫోన్ చేస్తే ఎప్పుడైనా పలుకుతానని అన్నాను.

"ఫోన్లో వద్దు సార్. ఈడికొచ్చి సూడండి."

రోగి చెప్పిన గుర్తును మనకు అలవాటైన మాటతో కొట్టిపారేయకూడదని నాకు తెలిసింది అలా. ఆ ఎనిమిది వారాలూ మాత్ర వేసిన మర్నాటి నుంచి మూడు రోజులు పొద్దున్నే వాళ్ల షెడ్డుకు వెళ్లాను. రాజమ్మ గాజు సీసాలో అతని ఒంటేలు పట్టి ఉంచేది. ఏ రంగని ఆమెను అడగలేదు. సీసా వెలుతురుకెత్తి నేనే చూశాను.