ఆడప్పా, ఆడ!

దొర కొట్టిన దెబ్బ చక్కగానే పడింది. కాని అది ఎదుటివాడి బంతి. గోల్ఫులో పరాయి బంతిని కొడితే ఆ గుంత ఓడినట్టే. అది ఆఖరి గుంత కావడంతో కప్పు కూడా పోయింది. తప్పు నాది.

ఆదోని నుంచి పత్రిక పని మీద వాల్తేరు వెళ్లి, సముద్రం పక్కన కొండవాలు మీద ఆ పోటీ చూస్తున్నాను. అలలు చూస్తూ అడుగు వేస్తే మనిషే జారే చోటు అది. దొర బంతి రాళ్లదాకా దొర్లడం పైనుంచి నేను చూశాను. అతని సంచీ మోసే అప్పన్న మాత్రం గడ్డిలో ఇంకో బంతి దగ్గర ఆగాడు. రాళ్లవైపు చెయ్యి చూపి, "ఆడప్పా, ఆడ!" అని అరిచాను. ఎదురెండలో నా చెయ్యి అతనికి కనిపించలేదు. ఆడమన్నాననుకుని, కొట్టమని దొరకు సైగ చేశాడు.

సాయంత్రానికి అప్పన్నను పనిలోంచి తీసేశారు.

"మా పక్క ఆడ అంటే అక్కడ అని. నేను తావు సూపిచ్చినాను, ఆడమనలే" అన్నాను అతనితో.

"మరి నా పేరెట్టి పిలిచారు కదండీ?"

"మేం అందరినీ అప్పా అనే అంటాం."

"అయితే మీ ఊరంతా అప్పన్నలేనేటి బాబూ!" అని పకపకా నవ్వాడు.

అతన్ని వెంటబెట్టుకుని క్లబ్బు సెక్రెటరీ దగ్గరకు వెళ్లి, తప్పు నాదేనని చెప్పాను. ఆయన "ఆడప్పా" అన్న మాట నాచేత రెండుసార్లు పలికించుకుని నవ్వి, కమిటీతో మాట్లాడతానన్నాడు.

మర్నాడు నా రైలు కదిలే వేళకు కూడా అప్పన్నకు పనిలోకి రమ్మని కబురు రాలేదు.